ఇనపకాలు ఎవెలియో చూసిన గెలుపు

సాన్ తెల్మో
ఫిబ్రవరి 12, 1984

ఒరేయ్ ఎవెలియో,

నీ ఉత్తరం అంది చాలా రోజులైంది. జవాబు రాయలేదని మూతి ముడుచుకోకు. చెరుకు కోతలు మొదలయ్యాక ఈ ఊళ్ళో ఎవరికి తీరిక చిక్కింది గనక? ఉతికి ఆరేసిన దుప్పటి మధ్యాహ్నానికల్లా మిల్లు మసితో నల్లబడిపోతోంది. మీ బావ ఆనీబాల్ రాత్రంతా బాయిలర్ దగ్గర కాగి వచ్చి పగలంతా గురక. ఆయన గురకకీ మిల్లు కూతకీ తేడా తెలియక మన కోడిపుంజు వేళాపాళా లేకుండా కూస్తోంది.

అసలు కబురు చెప్తాను, కూర్చో. మన మిణుగురులు గెలుస్తున్నారురా! మిల్లుల లీగ్‌లో ఎప్పుడూ అడుగున పడి ఉండే జట్టు ఇప్పుడు పైనుంచి రెండోది. ఎవరి చలవ అనుకున్నావు? నీ మేనల్లుడు ఓస్మానీది. వాడు పిచ్చర్‌గా నిలబడి బంతి వేస్తుంటే అవతలివాళ్ళ బ్యాట్లు గాలిని కొడుతున్నాయి గానీ బంతికి తగలడం లేదు. చిన్నప్పుడు మన పెరట్లో వాడి చేత పచ్చి జామకాయలు విసిరించినవాడివి నువ్వేగా. నా కిటికీ అద్దాలు ఊరికే పోలేదన్నమాట.

పార్కు మూలన బెంచీల మీద పొద్దస్తమానం బేస్‌బాల్ గురించి గొంతులు చించుకునే మన పెద్దమనుషులకి ఇప్పుడు కాళ్ళు భూమ్మీద ఆనడం లేదు. నిన్న మంగలి సెవెరీనో నన్ను దారిలో ఆపి ఏమన్నాడో తెలుసా? "నెరెయిదా, ఇదంతా మీ తమ్ముడి దయ. ఆ ఇనపకాలు సముద్రం మధ్య లైట్‌హౌస్‌లో ఉన్నంతకాలం మన జట్టుకి ఢోకా లేదు. వాణ్ణి అక్కడే ఉండమను తల్లీ, కావాలంటే నెలనెలా జామ హల్వా మేమే పంపిస్తాం" అన్నాడు. నవ్వలేక చచ్చాను.

ఫైనల్ దాకా వెళ్తే ఆట మన మైదానంలోనే, ఏప్రిల్‌లో. నీ సెలవు కూడా అప్పుడేగా. పందిమాంసం కాలుస్తాను. ఆకలితో రా.

నీ అక్క
నెరెయిదా


కాయో పెర్దీదో లైట్‌హౌస్
మార్చి 4, 1984

అక్కకి,

ఈసారి సరుకుల పడవ బియ్యం, నల్ల చిక్కుడు గింజలు, నీ ఉత్తరం తెచ్చింది. ఉప్పు మర్చిపోయింది. నాలుగు దిక్కులా ఉప్పునీళ్ళు పెట్టుకుని చప్పిడి కూడు తింటున్నాం. నాతోపాటు ఇక్కడ దీపం చూసుకునే బల్తసార్ గురించి చెప్పానుగా, రియో ఓందో మనిషి. మన ఖర్మ కాకపోతే ఈ ద్వీపానికి ఆ ఊరివాడే దొరకాలా? వాళ్ళ మొసళ్ళ జట్టు ఆకుపచ్చ టోపీని మంచం పైన మేకుకి తగిలించుకున్నాడు. పొద్దున లేవగానే దాని మొహం చూస్తాడు, తర్వాతే నా మొహం.

సెవెరీనో అన్నమాటలో తప్పేం లేదక్కా. నేను ఊళ్ళో ఉండగా ఒకే ఒక్కసారి ఫైనల్‌కి వెళ్ళామే, ఆ రోజున పార్కు పెద్దలు నన్ను రైల్వే స్టేషన్‌కి తీసుకెళ్ళి, కుర్చీ వేసి, చేతికి రమ్ సీసా ఇచ్చి, పక్కన ఒకణ్ణి కాపలా ఉంచారు. మైదానం ఛాయలకి రానివ్వలేదు. అయినా ఓడాం. స్టేషన్‌కి జనం అరుపులు వినిపించాయి కాబట్టి నా చెవి తగిలిందని తేల్చారు. ఇక్కడికి ఏ అరుపూ రాదు. నేను వెళ్ళాక మనవాళ్ళు గెలవడం మొదలైంది. ఇంక వేరే సాక్ష్యం ఏం కావాలి?

అందుకని ఏప్రిల్ సెలవు బల్తసార్‌కి ఇచ్చేశాను. వాళ్ళమ్మాయికి పదిహేనేళ్ళ పండగ చెయ్యాలట. చేసుకోనీ.

నాకు నలభై దాటాయి. ఊహ తెలిసినప్పటినుంచీ అదే జట్టు. మన మైదానంలో మన జట్టు గెలవడం ఒక్కసారీ కళ్ళారా చూడలేదు. చూసినరోజల్లా ఓడారు. కాబట్టి నువ్వే నా కళ్ళు. ఓస్మానీ బంతి వేసేముందు ఇప్పటికీ భుజంతో చెంప తుడుచుకుంటాడా? బావ వేపుడు పెనం వాయించడం మానలేదుగా? ఎడమవైపు కంచె దగ్గర ఆ మామిడిచెట్టు ఎక్కి ఎవరు చూస్తున్నారిప్పుడు? అన్నీ రాయి. సాయంత్రం దీపం వెలిగించే ముందు సాన్ తెల్మో ఉన్నవైపు కాసేపు నిలబడతాను. కనిపించేది నీళ్ళే. అయినా నిలబడతాను.

తమ్ముడు
ఎవెలియో


సాన్ తెల్మో
మార్చి 21, 1984

ఎవెలియోకి,

నీకు బుద్ధి ఉందా? మంగలివాడి మాట పట్టుకుని సెలవు దానం చేస్తావా? సెవెరీనో రోజుకి వంద వాగుతాడు. వాడి చేతిలో కత్తి ఉంటుంది కాబట్టి అందరూ తలూపుతారు.

నేను నమ్మనులే. మీ బావా నమ్మడం లేదు. "బల్తసార్ కూతురి పండగ కాదు, పాడూ కాదు, రేవులో ఎవరో ఆవిడ ఉండుంటుంది, మీ తమ్ముడి సెలవులు అక్కడే కరిగిపోతున్నాయి" అంటున్నాడు. ఉంటే ఉండనీ, సంతోషమే. చెప్పి ఏడవచ్చుగా? పోయినసారి సెలవుకీ రాలేదు. దీపం బాగు చెయ్యాలన్నావు. అంతకు ముందు తుఫాను అన్నావు.

నిన్న భోజనాల దగ్గర ఓస్మానీ, "మావయ్యకి నా మీద కోపమా అమ్మా?" అని అడిగాడు. ఎందుకురా అంటే, "నేను పెద్ద పిచ్చర్‌ని అయ్యాక ఒక్కసారీ చూడటానికి రాలేదుగా" అన్నాడు. నీళ్ళ గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను.

మనవాళ్ళు ఫైనల్‌కి వచ్చారు. ఏప్రిల్ పదిహేను, ఆదివారం మధ్యాహ్నం. ఎవరితోనో తెలుసా? రియో ఓందో మొసళ్ళతో. నీకు రావాలని లేకపోతే రాకు. నువ్వు లేకుండానే శుభ్రంగా గెలుస్తాం.

నెరెయిదా

భుజంతో చెంప తుడుచుకుంటాడు. పెనం వాయిస్తాడు. మామిడిచెట్టు మొన్న గాలివానకి పడిపోయింది.


కాయో పెర్దీదో
ఏప్రిల్ 3, 1984

అక్కా,

పడవవాడు తొందరపెడుతున్నాడు, రెండు ముక్కలే. రేవులో ఆవిడెవరూ లేరు. బావకి చెప్పు, ఉంటే పెళ్ళికి మొదట ఆయన్నే పిలుస్తానని.

పదిహేనున ఎండ మండిపోతుంది. నీ నీలం గొడుగు తీసుకెళ్ళడం మర్చిపోకు. ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చో, మారకు.

ఓస్మానీకి నా మీద కోపం రావడం సబబే.

ఎవెలియో


సాన్ తెల్మో
ఏప్రిల్ 17, 1984

ఎవెలియో,

గెలిచాం. ఊరంతా ఇంకా తాగుతోంది. నేను మాత్రం తలుపేసుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆట ఎలా జరిగిందో నేను నీకు చెప్పక్కర్లేదు. నువ్వు చూశావుగా. నేను నిన్ను చూశాను.

ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మన లావు వెనాన్సియో బంతిని కంచె అవతలికి బాదినప్పుడు మావాళ్ళందరూ లేచి ఒకళ్ళ మీద ఒకళ్ళు పడిపోయారు. ఆ తోపులాటలో నా గొడుగు వంగిపోతే సరిచేసుకుంటూ ఎదురుగా చూశాను. మూడో బేస్ వైపు, బస్సుల్లో దిగిన రియో ఓందో జనం మధ్య ఆకుపచ్చ టోపీ పెట్టుకుని ఒకడు చొక్కా కాలర్ కొరుక్కుంటున్నాడు. కంగారొస్తే కాలర్ నమిలే మనిషి ఈ భూమ్మీద ఒక్కడే. చిన్నప్పుడు నీ చొక్కాలన్నిటికీ కాలర్లు కుట్టలేక అమ్మ ఎంత తిట్టేదో నాకు తెలియదా?

కళ్ళు మోసం చేస్తున్నాయేమో అనుకున్నాను. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో వాళ్ళు మూడు బేసుల మీదా మనుషుల్ని నింపారు, ఒక్క దెబ్బ గట్టిగా తగిలితే ఆట వాళ్ళది. మనకి ఒక్క రన్ను ఆధిక్యం. ఇంకొక్కణ్ణి అవుట్ చేస్తే కప్పు మనది. మనవాళ్ళంతా ఊపిరి బిగబట్టారు. మీ బావ పెనం కూడా ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో అవతలినుంచి ఒక గొంతు లేచింది. "ఓస్మానీ, నీ చెయ్యి పడిపోనూ!" అని.

అది నీ గొంతు ఎవెలియో. నా కొడుకు చెయ్యి పడిపోవాలని నా తమ్ముడు అరిచాడు. ఓస్మానీ తల అటు తిప్పాడు. వాడికీ తెలిసింది.

ఇంటికి రాలేదు. గుమ్మం తొక్కలేదు. నీ కోసం ఉంచిన పందిమాంసం పక్కింటివాళ్ళకి పెట్టాను. ఊరి పెద్దలు నిన్ను స్టేషన్‌కి తీసుకెళ్ళి కూర్చోబెట్టారని ఇన్నేళ్ళూ కడుపులో పెట్టుకున్నావా? పగ తీర్చుకోవాలనుకుంటే సెవెరీనో మీద తీర్చుకోవాల్సింది. వాడేం చేశాడురా, నా పిల్లాడు?

జవాబు రాయకపోయినా ఫర్వాలేదు.

నెరెయిదా


కాయో పెర్దీదో
మే 2, 1984

అక్కా, అక్కా,

ముందు ఈ ఉత్తరం చివరిదాకా చదువు. తర్వాత కావాలంటే పొయ్యిలో పడెయ్యి.

నా సెలవు బల్తసారే తిరిగి ఇచ్చేశాడు. కూతురి గౌను కుట్టడం పూర్తికాలేదట, పండగ మే నెలకి జరిపారు. "నువ్వే వెళ్ళు, మా మొసళ్ళు గెలిస్తే నాకొచ్చి చెప్పు" అన్నాడు. వద్దన్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎదురుగా మేకుకి ఆ ఆకుపచ్చ టోపీ వేలాడుతోంది. దాన్ని చూస్తూ చూస్తూ ఉంటే బుర్రలో వెలిగింది. నేను ఎవరి పక్కన నిలబడితే వాళ్ళు ఓడతారు, అంతేగా? మరయితే నేను మొసళ్ళ పక్కన నిలబడాలి!

పొద్దున్నే టోపీ అరువడిగాను. బల్తసార్ నన్ను కౌగిలించుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నేను మారిపోయాననుకున్నాడు పాపం. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాడు.

ఇంటికి ఎందుకు రాలేదంటావా? పిచ్చర్ పడుకునే ఇంట్లో, ఆట ముందు రోజున నా పాదం పెట్టమంటావా? నేరుగా రియో ఓందో వెళ్ళి వాళ్ళ బస్సులోనే మన ఊరొచ్చాను. వంతెన దాటుతుంటే మిల్లు బెల్లప్పాకం వాసన వచ్చింది. బస్సంతా ముక్కు మూసుకుని మన ఊరిని తిడుతోంది. నేనూ మూసుకున్నాను. వేళ్ళ సందుల్లోంచి మాత్రం పీలుస్తూనే ఉన్నాను.

లోపల ఊరికే కూర్చుంటే లాభం లేదనుకున్నాను. దొంగ అభిమానికి దొంగ ఫలితమే దక్కుతుంది. మనస్ఫూర్తిగా వాళ్ళవైపే ఉండాలి, వాళ్ళకంటే గట్టిగా అరవాలి. అరిచాను. మైదానం అవతల నీ నీలం గొడుగు కనిపించింది. బావ పెనం వినిపించింది. మీరంతా అక్కడ, మధ్యలో గడ్డి, ఇటు నేను. ఒక్క పరుగులో దాటేయగలిగినంత దూరమే. ఆట సగం చూశాను, సగం మిమ్మల్ని చూశాను.

చెయ్యి పడిపోవాలని అరిచానా? అరిచాను. నోటితో అరిచాను, లోపల మడమనుంచి తలదాకా వాడి కోసం మొక్కుకుంటూ అరిచాను. ఆఖరి బంతి ముందు వాడు ఇటు తిరిగి చూశాడు. తర్వాత భుజంతో చెంప తుడుచుకోలేదు. నీకు తెలియదులే, అలా తుడుచుకోనప్పుడు వాడు నెమ్మది బంతి వేస్తాడు. పెరట్లో నేను నేర్పిందే. నా చుట్టూ అందరూ బంతి వేగంగా వస్తుందని లేచి నిలబడ్డారు. వస్తున్నది నెమ్మది బంతి అని ఆ జనంలో నాకొక్కడికే తెలుసు. ఎవరికీ చెప్పకూడదు, నవ్వకూడదు. బంతి తీరిగ్గా వచ్చింది. కొట్టేవాడి బ్యాట్ ముందే తిరిగిపోయింది.

నేను తల పట్టుకుని కూలబడిపోయాను, మొసళ్ళందరితో కలిసి. కళ్ళనీళ్ళు ఆగలేదు. పక్కన ఒక ముసలావిడ, రియో ఓందో ఆవిడ, తన చేతిగుడ్డతో నా మొహం తుడిచింది. "ఊరుకో నాయనా, వచ్చే ఏడాది మనదే" అంది. ఆవిడ ఒడిలో తలపెట్టుకుని ఏడ్చాను. అంత మంచి ఏడుపు నా జన్మలో ఏడవలేదు.

తర్వాత మనవాళ్ళు ఓడిన మొసళ్ళకని చేయించిన ఉత్తుత్తి శవపేటిక మోసుకుంటూ మా ముందునుంచి ఊరేగారు. బావ నా మొహం దగ్గరకొచ్చి పెనం వాయించి, "ఏరా మొసలీ, ఏడువు ఏడువు!" అన్నాడు. గుర్తుపట్టలేదు. నా శవయాత్ర నా ముందునుంచే, నా సొంత బావ పాటతో వెళ్ళింది. లేచి ఆ పేటిక ఒక మూల భుజానికెత్తుకోవాలని ఎంత అనిపించిందో చెప్పలేను.

నేను చూశానక్కా. మన మైదానంలో మనం గెలవడం చూశాను. ఒక్కసారి చప్పట్లు కొట్టడానికి మాత్రం నాకు రెండు చేతులూ లేకపోయాయి.

ఎవెలియో


సాన్ తెల్మో
మే 19, 1984

ఒరేయ్ వెర్రి నాగన్నా,

నీ ఉత్తరం చదివి నవ్వి, ఏడ్చి, మళ్ళీ నవ్వాను. మీ బావ, "వాడి మొహం మీదే వాయించానా!" అని తలుచుకుని తలుచుకుని పడీపడీ నవ్వాడు. అంతటితో ఆగితే బాగుండేది. వెళ్ళి పార్కు మూలలో చెప్పేశాడు.

ఇప్పుడు నువ్వు ఊళ్ళో మహావీరుడివి. సెవెరీనో సగం గడ్డం గీసిన మనిషిని అలాగే వదిలేసి బెంచీ ఎక్కాడట. "ఇంత పెద్ద ఆయుధం పెట్టుకుని ఇన్నేళ్ళూ వాడకుండా పడేశాం!" అన్నాడట. చేతులెత్తి తీర్మానం చేశారు. ఇకమీదట ప్రతి పెద్ద ఆటకీ నిన్ను అవతలి జట్టు జనంలో కూర్చోబెడతారు. ఏ ఊరి టోపీ కావాలంటే ఆ ఊరి టోపీ సంపాదించే పని సెవెరీనోది. నిన్ను తలుచుకుని రమ్ కూడా తాగారు.

నేను వెళ్ళాను పార్కుకి. ఆడవాళ్ళు ఆ మూలకి వెళ్ళరు, తెలుసుగా. వెళ్ళి అడిగాను: "జీవితాంతం నా తమ్ముడు పరాయివాళ్ళ మధ్యే కూర్చోవాలా? మనవైపు కూర్చునే రోజు వాడికి లేదా?" అని. సెవెరీనో, "జట్టు ముఖ్యమా, తమ్ముడు ముఖ్యమా నెరెయిదా?" అన్నాడు. ఏమన్నానో రాయను, ఈ ఉత్తరం పోస్టులో వెళ్ళాలి.

కానీ నేను రాయాల్సింది ఇది కాదు. ఉత్తరం ఓస్మానీకి కూడా చదివి వినిపించాను. నెమ్మది బంతి గురించి చదివినప్పుడు వాడి మొహం వెలిగిపోయింది. పార్కులో తీర్మానం సంగతి విన్నాక మాత్రం ఆరిపోయింది. తర్వాత నాతో అన్నాడు: "అమ్మా, మూడు బేసులూ నిండాక బంతి కింద పెట్టి పారిపోదామనిపించింది. ఆ బంతి నేను వేశాను. ఇప్పుడు ఊళ్ళో అందరూ మావయ్య కాలు గెలిపించిందంటున్నారు. మావయ్య కూడా అలాగే అనుకుంటున్నాడా?"

నువ్వు చెప్పు. ఆ రోజు గెలిచింది నీ కాలా, వాడి చెయ్యా? నీ కాలే అయితే, పెరట్లో వాడికి నేర్పినదంతా దేనికి?

కొత్త సీజన్ మొదటి ఆట నవంబర్‌లో, మన మైదానంలోనే, మళ్ళీ మొసళ్ళతో. నాకు కప్పులొద్దు, నువ్వు కావాలి. ఓడితే ఓడనీ.

అక్క


కాయో పెర్దీదో
జూన్ 6, 1984

అక్కా,

బల్తసార్‌కి నిజం చెప్పేశాను. రెండు రోజులు తన వంట తనే వేరుగా చేసుకున్నాడు. మూడో రోజున చేపలు వేయించి నా పళ్ళెంలో పెద్దది వేసి, "నా టోపీ పెట్టుకుని నా ఇంటికే నిప్పు పెట్టావు కదరా" అన్నాడు. ఇప్పుడు సర్దుకున్నాడు.

ఓస్మానీకి చెప్పు. మూడు బేసులూ నిండిన చోట నెమ్మది బంతి వెయ్యడానికి ఎంత గుండె కావాలో నాకు తెలుసు. నాకది లేదు, అందుకే నేను లైట్‌హౌస్‌లో ఉన్నాను, వాడు మైదానం మధ్యలో ఉన్నాడు. గెలిచింది వాడి చెయ్యే. ఈ మాట రాయడానికి మూడు కాగితాలు చింపాను. ఎందుకంటే ఇది నిజమైతే, ఇన్నేళ్ళు మీకు దూరంగా ఉన్నది ఊరికేనేనన్న మాట. ఊరికేనే అక్కా. స్టేషన్‌లో కుర్చీ వేస్తే కూర్చున్నాను. లేచి రావచ్చని తోచనే లేదు.

నవంబర్ సెలవుకి పేరు రాయించాను. ఎవరికీ ఇవ్వను. సెవెరీనో టోపీ తెస్తే అతని తలకే పెట్టు.

మన మైదానంలోకి మన దారినే వస్తాను. జనం నన్ను చూసి గొణుక్కుంటారు, గొణుక్కోనీ. ఆ రోజు ఓడిపోతామేమోనని ఇప్పటికీ లోపల భయంగానే ఉంది, నీతో అబద్ధమెందుకు. పరాయివాళ్ళ మధ్య కూర్చుని మనం గెలవడం చూశాను. ఇప్పుడు మనవాళ్ళ మధ్య కూర్చుని ఓడిపోయినా చాలనిపిస్తోంది.

నీ తమ్ముడు
ఎవెలియో